సున్నం లొట్టి, హాప్స్ పువ్వు

చలికాలం వచ్చిందంటే సూరత్‌లో పొద్దున్నే నీరా అమ్ముతారు. తెల్లవారకముందే ఈత చెట్ల మీంచి దించిన రసాన్ని చల్లగా గ్లాసుల్లో పోసిస్తారు. నడకకు వెళ్లొచ్చేవాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు, రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళ్తున్న మగ్గం కార్మికులు అక్కడ ఆగి తాగుతారు. ఎండెక్కేసరికి అమ్మకం అయిపోతుంది. అదే నీరాను పట్టించుకోకుండా బయట వదిలేస్తే కొన్ని గంటల్లో నురగ కడుతుంది, పులుపెక్కుతుంది, ఆల్కహాల్ చేరి కల్లవుతుంది. 1960 మే 1న గుజరాత్ ఏర్పడిన నాటినుంచీ అక్కడ మద్యనిషేధం ఉంది. దానికి ఆధారం 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. అంటే పొద్దున పసిపిల్లాడికి తాగించిన రసమే సాయంత్రానికి చట్టం ఒప్పుకోని సరుకైపోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది కొన్ని గంటల కాలం, కొన్ని డిగ్రీల చలి, లొట్టి లోపల పూసిన కాస్త సున్నం.

సూరత్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా చుట్టుపక్కల తరాలుగా ఉంటున్నాయి. సొంతూళ్లో తాతలు కల్లు మండువాలో కూర్చున్న సంగతులు ఆ ఇళ్లలో ఇంకా చెప్పుకుంటారు. వాళ్లుండే నగరంలో మాత్రం దొరికేది నీరానే. అలాంటి ఇంటి పెద్దమనిషి ఒకాయన ఏ పెళ్లికో హైదరాబాద్ వచ్చాడనుకుందాం. బీరు అలవాటు లేని మనిషి. ఐటీ ఉద్యోగం చేసే మేనల్లుడు ఆయన్ను మైక్రోబ్రూవరీకి తీసుకెళ్లి, "సీసా బీరు కాదు మామా, ఇక్కడే కాచింది. ఒక్క గుక్క రుచి చూడు" అంటాడు. మామ ఒక గుక్క తాగి మొహం చిట్లిస్తాడు. "ఇంత చేదేందిరా? ఇంతకన్నా ఈత కల్లు నయం."

మేనల్లుడు నవ్వేసి ఊరుకుంటాడేమో గానీ, మామ అడిగింది మంచి ప్రశ్న. పులిసిన పానీయం కల్లులా తియ్యగా పుల్లగా ఉండకుండా ఇంత చేదుగా ఎందుకుండాలి? జవాబు మొత్తం సూక్ష్మజీవుల దగ్గరుంది. నా మటుకు నాకు అర్థమైంది ఇది: నీరా దింపేవాడు లొట్టికి సున్నం పూసి ఏ పని చేస్తున్నాడో, బీరు కాచేవాడు హాప్స్ పువ్వు వేసి దాదాపు అదే పని చేస్తున్నాడు. ఒకరు అన్ని సూక్ష్మజీవులకూ తలుపు మూస్తారు. ఇంకొకరు కొన్నింటికి మూసి ఒకదానికి తెరుస్తారు. చేదు అనేది ఆ తలుపు రుచి.

ముందు నీరా సంగతి చూద్దాం. చెట్టులో ఊరే రసంలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. నూటికి పది నుంచి పదిహేను పాళ్లు చక్కెర ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సుక్రోజ్, అంటే మనం టీలో వేసుకునే పంచదారే. పీహెచ్ ఏడుకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి పుల్లదనం లేదు. ఇంత చక్కెర, ఇన్ని నీళ్లు, ఆమ్లం లేని వాతావరణం దొరికితే ఏ సూక్ష్మజీవైనా వదులుకోదు. గీత కత్తి అంచు మీంచి, గాలిలోంచి, తీపికి మూగే ఈగల కాళ్ల మీంచి అవి వచ్చి చేరతాయి. నిన్న కల్లు పట్టిన లొట్టినే మళ్లీ కట్టారంటే దాని గోడలకు పట్టిన ఈస్టే తోడులా పనిచేస్తుంది.

మొదట జోరందుకునే వాటిలో ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా ఒకటి. మన ఇళ్లలో రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండిని తెల్లారేసరికి పొంగించేది కూడా ఈ జాతే. బియ్యం, మినప్పప్పు రుబ్బి పులియబెట్టి సూరత్ వాళ్లు వండుకునే ఇదడా కూడా ఇడ్లీకి చుట్టమే. ల్యూకోనోస్టాక్ సుక్రోజ్‌ను విరిచి డెక్‌స్ట్రాన్ అనే జిగురు పదార్థం తయారుచేస్తుంది. తేటగా ఉన్న నీరా కాస్త చిక్కబడి తెల్లగా మారడంలో దాని చెయ్యి ఉంది. లాక్టిక్ ఆమ్లం పెరిగి పీహెచ్ నాలుగు దాకా దిగుతుంది. పులుపును తట్టుకోగల ఈస్ట్ ఈలోగా పుంజుకుని చక్కెరను ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. చక్కెర బరువులో సుమారు సగం ఆల్కహాల్ అవుతుంది, మిగతా సగం వాయువై పైకి పోతుంది. అందుకే పన్నెండు పాళ్లు చక్కెర ఉన్న రసం పూర్తిగా పులిసినా ఆల్కహాల్ బరువులో ఆరు పాళ్ల దగ్గరే ఆగుతుంది. కల్లు నురగ, గ్లాసులో లేచే బుడగలు ఆ వాయువువే.

ఆల్కహాల్ తయారుచేసేది ఈస్ట్ ఒక్కటే కాదు. జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఆ పని చాలా వేగంగా చేస్తుంది. మెక్సికోలో కలబంద లాంటి అగావే మొక్క రసం పులియబెట్టి పుల్కే అనే పానీయం చేసుకుంటారు. అందులో ఈ బ్యాక్టీరియాను 1924లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్ వేరుచేసి చూపించాడు. మన కల్లులోనూ ఇది ఉంటుంది. దీని పేరు గుర్తుంచుకోండి, బీరు దగ్గర మళ్లీ పని పడుతుంది. చివర్లో ఎసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియా దిగి ఆల్కహాల్‌ను వినెగర్ చేసేస్తుంది. నిన్నటి కల్లు ముక్కుపుటాలు అదిరేంత పుల్లగా ఉండేది అందుకే.

ఈ పరుగును ఆపడానికి గీత కార్మికుడి చేతిలో ఉన్నవి రెండే సాధనాలు. ఒకటి సున్నం. లొట్టి లోపల సున్నం పూస్తే అందులో పడే రసం క్షారంగా మారుతుంది. ల్యూకోనోస్టాక్, ఈస్ట్, జైమోమోనాస్ ఏవీ ఆ క్షారంలో పెరగలేవు. రెండోది చలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోతే సూక్ష్మజీవుల వేగం సగానికో అంతకన్నా తక్కువకో దిగుతుంది. చలికాలపు రాత్రి ఊరి, సూర్యుడు రాకముందే దిగి, వెంటనే మంచు పెట్టెలోకి చేరిన రసం తియ్యగా నిలుస్తుంది. సూరత్‌లో నీరా చలికాలపు పొద్దుటి పానీయం కావడం వెనక ఈ లెక్క ఉంది. 2023 మే నెలలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో తెరిచిన నీరా కేఫ్‌కు కూడా చెట్టు దగ్గర నుంచి గ్లాసు దాకా చలి గొలుసు తెగకుండా చూడటమే అసలు పని.

సూరత్ నేల మీద ఈ చెట్ల చుట్టూ పెద్ద చరిత్రే నడిచింది. 1922 చివర్లో ఆ జిల్లా ఆదివాసీ పల్లెల్లో దేవి ఉద్యమం వచ్చింది. దేవత పూనినవాళ్లు సారా మానండి, కల్లు మానండి, కల్లు దుకాణాల పార్సీ యజమానుల దగ్గర పని మానండి అని చెబితే వేల మంది విన్నారు. అప్పులు, వెట్టి, తాగుడు ఒకే ముడిగా బిగిసిపోయిన బతుకులవి. ఆ ముడిని వాళ్లు తమ మాటతోనే విప్పుకోవాలని చూశారు. చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ ఈ ఉద్యమం మీద 1987లో ఒక పుస్తకమే రాశాడు. 1930 ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఇదే ప్రాంతంలో గాంధీ కల్లు చెట్లు నరకమన్నాడు. తర్వాతి కాలంలో ఆయన దృష్టి తాటి బెల్లం వైపు, పులియని రసం వైపు మళ్లింది. చెట్టు బతకాలి, గీసేవాడి జీవనం నిలవాలి, తాగుడు పోవాలి. ఈ మూడింటికీ పొసగగల దారి ఆ సున్నపు పూత మీదే ఆధారపడి ఉంది. సామాజిక శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం ఇంత దగ్గరగా కలిసిన చోటు నాకు ఇంకొకటి తట్టదు.

ఇప్పుడు మామ చేతిలో ఉన్న గ్లాసు దగ్గరికి వద్దాం.

బీరుకు ముడిసరుకు బార్లీ. ఈత రసంలో చక్కెర సిద్ధంగా ఉంటుంది, బార్లీ గింజలో ఉండేది పిండి. ఈస్ట్ పిండిని తినలేదు. అందుకని గింజను నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక తన ఆహారం కోసం పిండిని విరగ్గొట్టే ఎంజైములను తయారుచేసుకుంటుంది. సరిగ్గా ఆ దశలో గింజను ఎండబెట్టి, వేడిచేసి మొలకను ఆపేస్తారు. అదే మాల్ట్. మన ఇళ్లలో పసిపిల్లలకు మొలకెత్తిన రాగులు ఎండబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి కాచే జావలో జరిగేది కూడా ఇదే. ఈ మాల్ట్‌ను మరపట్టి అరవై అయిదు డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే ఎంజైములు మళ్లీ పనిలోకి దిగి పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ వేడిలో నాలుగైదు డిగ్రీల తేడా వచ్చినా బీరు రుచి మారిపోతుంది. కాస్త తక్కువ వేడిలో ఈస్ట్ తినగల చక్కెర ఎక్కువ వస్తుంది, బీరు పలచగా పొడిగా ఉంటుంది. కాస్త ఎక్కువైతే ఈస్ట్‌కు మింగుడుపడని పెద్ద అణువులు మిగిలి బీరు చిక్కగా, నిండుగా ఉంటుంది.

ఇక్కడ పుట్టే ప్రధాన చక్కెర మాల్టోజ్. సుక్రోజ్‌తో పోలిస్తే దీన్ని తినగల జీవులు తక్కువ. దాన్ని కణంలోపలికి లాక్కోవడానికి ప్రత్యేక ఏర్పాటు ఉండాలి. ఇందాక చెప్పుకున్న జైమోమోనాస్‌కు అది లేదు. కల్లు లొట్టిలో అంత వేగంగా పనిచేసే ఆ బ్యాక్టీరియా మాల్టోజ్ ముందు చేతులెత్తేస్తుంది. కల్లు అందరూ కూర్చోగల బంతి, బీరు అలా కాదు. ఈ ఒక్క తేడాతోనే బీరు కాచేవాడికి సగం పని తగ్గుతుంది. మిగిలిన పెద్ద ప్రత్యర్థులు లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, అంటే పెరుగు, ఇడ్లీ పిండి, కల్లు పులుపు వెనకున్న కుటుంబం. వాటిలో చాలావాటికి మాల్టోజ్ తినడం వచ్చు. వాటిని ఆపేది హాప్స్.

హాప్స్ తీగ గంజాయి కుటుంబానికి చెందిన మొక్క. చల్లని ప్రాంతాల్లో పెరుగుతుంది. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో కొద్దిగా పండిస్తారు. బీరులో వాడేది ఆడ పువ్వుల గుత్తి. చూడటానికి ఆకుపచ్చ రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్న మొగ్గలా, బొటనవేలి కొన అంత ఉంటుంది. రేకులు విడదీస్తే మొదళ్లలో పసుపు రంగు పొడి కనిపిస్తుంది. వేళ్ల మధ్య నలిపితే బంకలా అంటుకుంటుంది, నిమ్మతొక్క, పచ్చిగడ్డి, దేవదారు కర్ర కలిపినట్టు వాసన వస్తుంది. చేదంతా ఆ పొడిలో ఉంది. కానీ పచ్చి పొడిలోని ఆల్ఫా ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. బార్లీ నీళ్లలో వేసి గంటసేపు మరిగిస్తే వాటి అణువుల అమరిక మారి ఐసో ఆల్ఫా ఆమ్లాలవుతాయి. అప్పుడే అవి కరుగుతాయి, అప్పుడే చేదు దిగుతుంది.

ఈ అణువులు లాక్టిక్ బ్యాక్టీరియా పైపొరలో దూరి ఆమ్లపు అయాన్లను లోపలికి మోసుకుపోతాయి. కణం తన లోపలి పుల్లదనాన్ని అదుపులో పెట్టుకోలేక పెరగడం మానేస్తుంది. ఈస్ట్‌కు వీటితో పెద్ద ఇబ్బంది లేదు. సున్నం మంచీచెడ్డా చూడకుండా అందరినీ ఆపింది, హాప్స్ మాత్రం మనిషి కోరుకున్న ఈస్ట్‌ను వదిలి దాని పోటీదార్లను ఆపింది. పన్నెండో శతాబ్దంలోనే జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్ ఆఫ్ బింగెన్ ఈ పువ్వు పానీయాలను చెడకుండా ఉంచుతుందని రాసింది. అప్పటికి బ్యాక్టీరియా అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. అంతకుముందు యూరప్ వాళ్లు రకరకాల ఆకులు, మూలికలు వేసి బీరు కాచుకునేవారు. హాప్స్ వేసిన బీరు ఎక్కువ కాలం నిలిచింది, దూరం ప్రయాణం చేసింది, క్రమంగా మిగతావన్నీ వెనకబడ్డాయి. అంటే బీరు చేదుగా ఉన్నది మొదట జనం చేదు కోరుకున్నందుకు కాదని, చేదుగా ఉన్న బీరే చెడకుండా మిగిలినందుకని నేను నమ్ముతాను. ఇష్టం తర్వాత వచ్చింది.

ఆ ఇష్టం మామకు ఇంకా రాలేదు. మనిషి నోట్లో చేదును పసిగట్టే గ్రాహకాలు దాదాపు ఇరవై అయిదు రకాలున్నాయి. తీపికి అంత ఏర్పాటు లేదు. మొక్కల్లో విషాలు చాలావరకు చేదుగా ఉంటాయి కాబట్టి, పరిణామం మనకు అన్ని కాపలాలు పెట్టింది. హాప్స్ చేదును వాటిలో మూడు గ్రాహకాలు గుర్తిస్తాయని 2009లో జర్మన్ పరిశోధకులు చూపించారు. అందరి కాపలా ఒకలా ఉండదు కూడా. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలో లేచినప్పుడు పక్కనున్న ఆయన సహచరుడు అబ్బో చేదు అన్నాడు, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. ఆ తేడా జన్యువుల్లో ఉందని తర్వాత తేలింది. ఒకే గ్లాసు మామకు ఎక్కువ చేదుగా, మేనల్లుడికి తక్కువ చేదుగా ఉండటానికి అలవాటుతో పాటు పుట్టుక కూడా కారణం కావచ్చు.

అయినా కాపలాదారుకు నచ్చచెప్పవచ్చు. ఒక చేదు తిన్న తర్వాత కడుపులో ఏ హానీ జరగకపోతే మెదడు మెల్లగా దాన్ని ఒప్పుకుంటుంది. ఉగాది పచ్చట్లో వేపపువ్వు మొదటిసారి నోట్లో పెట్టుకున్న పిల్లాడు ఉమ్మేస్తాడు. పెద్దయ్యాక వాడే కాకరకాయ పులుసు అడిగి వేయించుకుంటాడు. కాఫీ సంగతి చెప్పనక్కర్లేదు.

పైగా బీరులో చేదు ఒక్కటే లేదు. బుడగలు కేవలం గిలిగింత కాదు. నాలుక మీద పులుపును గుర్తించే కణాల పైన ఒక ఎంజైము ఉంది, అది బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా మారుస్తుంది, ఆ చురుకులో కొంత నిజమైన పులుపే. ఆల్కహాల్ కూడా మిరపకాయ మంటను గుర్తించే గ్రాహకాన్నే తడుతుంది. ఇక చలి. నాలుక చల్లబడితే తీపి బాగా తగ్గిపోతుంది, వాసనలు పైకి లేవవు. మంచులా చల్లగా ఇచ్చిన గ్లాసులో మాల్ట్ తీపి దాక్కుని చేదు, చురుకు మాత్రమే మిగులుతాయి. మామ మొదటి గుక్క బహుశా అలాంటిదే. అయిదు నిమిషాలు ఆగి ఉంటే అదే గ్లాసు కాస్త మెత్తబడేది.

మేనల్లుడు తెప్పించింది హాప్స్ దండిగా వేసే ఐపీఏ రకం బీరు అయ్యుంటుంది, కుర్రాళ్లకు అదంటే మోజు. చేదును కొలిచే ఐబీయూ అనే లెక్క ఉంది. లీటరులో ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం ఉంటే సుమారు ఒక ఐబీయూ. మామూలు సీసా బీర్లు, అంటే లాగర్లు, పది దరిదాపుల్లో ఉంటాయి, ఐపీఏలు నలభై నుంచి డెబ్భై. అలవాటు లేని మనిషికి ముందు గోధుమ బీరు ఇవ్వాలి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో హాప్స్ తక్కువ, పని అంతా ఈస్ట్‌ది. గ్లాసు మబ్బుగా ఉంటుంది, అందులో ఈస్ట్ ఇంకా తేలుతూ ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాగిన అరటిపండు వాసన వస్తుంది. కాచేవాడు అరటిపండు వెయ్యలేదు. అరటిపండులో ఉండే ఐసోఅమైల్ ఎసిటేట్‌నే ఈస్ట్ కూడా తయారుచేస్తుంది. దాని వెనకే సన్నగా లవంగం వాసన, అదీ ఈస్ట్ తయారుచేసినదే. మింగాక ముక్కుతో గాలి వదిలితే ఆ రెండూ ఇంకోసారి తగులుతాయి. పలచని పులుపు, మబ్బు రంగు, నురగ, బతికున్న ఈస్ట్... మామకు ఇది కల్లుకు చుట్టంలా తోస్తే ఆశ్చర్యం లేదు.

ఆ చుట్టరికం నిజమైనదే. ఫ్యాక్టరీ లాగర్‌ను వడకట్టి, పాశ్చరైజ్ చేసి, నెలల తరబడి నిలవుండేలా సీసాలో మూసేస్తారు. మైక్రోబ్రూవరీ బీరు చాలావరకు వడకట్టనిది, బతికున్నది. చల్లగా ఉంచి కొద్ది వారాల్లో తాగాల్సిందే. దూరం మోసుకెళ్లలేం కాబట్టి పుట్టిన చోటే తాగాలి. మంచి కల్లుకూ అదే షరతు. చెట్టు దగ్గరి కల్లు వేరు, పట్నం చేరేసరికి క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపి అమ్మే కల్లు వేరు. రెండోది పులియబెట్టడం కాదు, విషప్రయోగం.

మామకు ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని దాచి రుచుల గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అయిదు శాతం బీరు 330 మిల్లీలీటర్లు తాగితే ఒంట్లోకి 13 గ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. కాలేయం దాన్ని మొదట అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మైక్రోబ్రూవరీ బీరైనా, కల్లు అయినా ఆల్కహాల్ అణువు ఒకటే. రుచి చూడటానికి మైక్రోబ్రూవరీలు ఇచ్చే చిన్న గ్లాసులు ఉంటాయి, పరిచయానికి అవి చాలు.

ఆ కొంచెం ఆల్కహాల్ కూడా వద్దనుకునేవాళ్లకు సూక్ష్మజీవశాస్త్రం ఒక దారి చూపించింది. ఆల్కహాల్ లేని బీర్లలో కొన్ని, బీరు కాచాక శూన్యంలో తక్కువ వేడిమీద ఆల్కహాల్‌ను ఆవిరిచేసి తీసేసినవి. ఇంకొన్ని సాక్కరోమైకోడెస్ లుడ్విగీ అనే ఈస్ట్‌తో చేసినవి. ఈ ఈస్ట్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ తింటుంది గానీ, జైమోమోనాస్ లాగే మాల్టోజ్ జోలికి పోదు. బార్లీ నీళ్లలో ఉన్న కొద్దిపాటి ఇతర చక్కెరలు తిని, కాస్త వాసన, పిసరంత ఆల్కహాల్ ఇచ్చి ఆగిపోతుంది. మాల్టోజ్ అంతా గ్లాసులోనే మిగిలిపోతుంది. అందుకే ఆ బీరు కాస్త తియ్యగా ఉంటుంది, ఉడికిన ధాన్యపు వాసన వేస్తుంది. ఆ తీపి వల్ల హాప్స్ చేదు ఉన్నదానికన్నా మెత్తగా తెలుస్తుంది.